డానాంగ్‌లో అమ్మ మోకాళ్ళు

ఫిబ్రవరి 26, బుధవారం

అమ్మ మోకాలికి ఈ మధ్యాహ్నం ఆపరేషన్ ఖాయం చేశాను. డాక్టరు లేడు, దవాఖాన లేదు. మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్, చల్లారిన కాఫీ, ఒక మెయిల్. "సార్, సోమవారం మా అమ్మకు మోకాలి చిప్ప మార్పిడి. వారం రోజులు ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను."

ఏ దవాఖాన అని అడుగుతారేమోనని ఇంకో వాక్యం చేర్చాను. పొద్దున చేసి సాయంత్రానికే ఇంటికి పంపేసే కొత్త పద్ధతట అని. ఆ వాక్యం చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా మేనేజరు రామబ్రహ్మం గారు వెంటనే అనుమతి ఇచ్చేశారు. కింద "ధైర్యంగా ఉండండి, అన్నీ ఆ భగవంతుడే చూసుకుంటాడు" అని రాశారు. అది రాయకపోతే బాగుండేది.

సెలవు అడగొచ్చుగా అంటే, పిప్‌లో ఉన్న మనిషికి సెలవు అడిగే ముఖమెక్కడిది? పిప్ అంటే పనితీరు మెరుగుపరచుకోవడానికి కంపెనీ దయతో ఇచ్చే గడువు. బయటికి గెంటే ముందు గుమ్మంలో నిలబెట్టి మంచినీళ్ళు ఇవ్వడం లాంటిది. వచ్చే శుక్రవారం, ఏడో తారీఖున ఆఖరి రివ్యూ. గట్టెక్కితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు.

ఆ వారమే వియత్నాం టూరు. టూరు నాది కాదు, అమ్మది. మా ఖాజాగూడ బోనాల కమిటీ ఆడవాళ్ళంతా మహిళా దినోత్సవం ప్యాకేజీలో పోతున్నారు. అమ్మకు తోడు రావాల్సిన పెద్దమ్మకు పాస్‌పోర్టు అందలేదు. "పవి రాకుంటె నేను గూడ పోను" అని అమ్మ మొండికేసింది. నీలమ్మ అనబడే ఈ మనిషి షిరిడీ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. కాబట్టి నేను కేవలం అమ్మ కోసం వెళ్తున్నాను. నాకంటూ ఏ సరదా లేదు.

పారాసెయిలింగ్ వీడియోలు సాయంత్రమంతా చూశాను. అమ్మ భద్రత కోసమే.

మార్చి 1, శనివారం

నాయినకు శిక్షణ ఇచ్చాను.

ల్యాప్‌టాప్ దేశం దాటితే ఆఫీసు సెక్యూరిటీ వాళ్ళకు తెలిసిపోతుంది. అందుకని అది ఖాజాగూడ ఇంట్లోనే కూర్చుంటుంది. నేను ఫోనులోంచి దాన్ని నడుపుతాను. నేను నడపని వేళల్లో ఆఫీసు చాట్‌లో నా పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోకుండా నాయిన మౌస్ కదుపుతూ ఉండాలి.

"గింతేనా? బర్లను కాసినోన్ని, ఎలుకను కాయలేనా?" అన్నాడు.

"ఏదీ నొక్కొద్దు నాయినా. కదపాలె, అంతే."

"నొక్కనే బిడ్డా, ఫికర్ చెయ్యకు."

విమానం భయమని టూరుకు రానన్న మనిషి, ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడానికి గడ్డం గీసుకుని వచ్చాడు.

మార్చి 3, సోమవారం, డానాంగ్

మా టూరు మేనేజరు పేరు తిరుపతి. చేతిలో పసుపు గొడుగు. "అక్కా, అందరు నా గొడుగునే చూస్కుంట రాండ్రి. గొడుగు యాడికి పోతె మనం ఆడికే."

"గొడుగు బాత్రూంలకు పోతే?" అంది సాయమ్మత్త. నాయిన చెల్లెలు. ఆమె ఒక్కతే పద్దెనిమిది మంది పెట్టు.

కొండ మీదికి కేబుల్ కారు ఎక్కాం. కింద అడవి, అడవి మీద మబ్బు, మబ్బు మీద మేము. సరిగ్గా అప్పుడే ఆఫీసు మీటింగు. ఫోను చెవిలో పెట్టుకుని, కెమెరా ఆపి చేరాను.

"ప్రవళిక గారూ, ఆపరేషన్ అయిందా అండీ?" అన్నారు రామబ్రహ్మం గారు.

"ఇప్పుడే పైకి తీసుకెళ్తున్నారు సార్." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉందా?

అప్పుడు కారు ఒక స్తంభం దాటి ఊగింది. వెనక నుంచి సాయమ్మత్త, "ఓ యమ్మో! నా పాణం పోతున్నదే! దించుండ్రి, నన్ను దించుండ్రి!"



"ఎవరండీ అది?"

"పక్క మంచం పేషెంటు సార్."

"పాపం! మత్తు సరిగ్గా ఎక్కలేదేమో" అన్నారాయన. మీటింగు ముగిసేదాకా అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు.

పైన, పెద్ద రాతి చేతులు మోస్తున్న వంతెన మీద ప్రపంచంలోని జనమంతా ఫొటోలు దిగుతుంటే మనవాళ్ళు గుండ్రంగా తిరిగి చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నారు. కొరియా ఆడపిల్లలు నలుగురు వచ్చి చేరారు. అమ్మ వాళ్ళకు అడుగు నేర్పింది. వంగి, లేచి, తిరిగి. ఆ మోకాళ్ళను చూస్తూ నిలబడ్డాను. ఎంత ఆరోగ్యంగా ఉన్నాయి, దరిద్రం.

మార్చి 4, మంగళవారం

ఈరోజు పద్ధతిగా అబద్ధం చెప్పాలనుకున్నాను. మర్నాడు వాకరు పట్టుకుని రెండడుగులు వేస్తారని చదివి పెట్టుకున్నాను కూడా. కానీ మీటింగు సమయానికి ఒక పాలరాతి గుట్ట మెట్ల మీద ఉన్నాను. అమ్మ నాకంటే ముందుంది. గుట్ట మీద గుడి ఉందంటే ఇక ఆగుతుందా!

"పవీ! జల్ది రావే! ఇంక కొన్ని మెట్లే ఉన్నయి!"

మైకు ఆపడం మరిచిపోయాను.

"ఆ గొంతు అమ్మగారిదేనా? మెట్లంటున్నారు?"

"అవును సార్. అమ్మ మెట్లెక్కుతోంది." రొప్పుతూ చెప్పాను.

"రెండో రోజేనా! అద్భుతమండీ! మీరు పట్టుకుని ఎక్కిస్తున్నారా? ఆయాసపడుతున్నారు."

"నేనే వెనకబడ్డాను సార్."

మీటింగు అయ్యాక ఆయన విడిగా ఫోన్ చేశారు. వాళ్ళమ్మ వసంత గారికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయట. మణికొండలో వాళ్ళ ఫ్లాటు దాటి ఆవిడ బయటికి రావడమే లేదట. రెండేళ్ళుగా ఈయన ఆపరేషన్‌కు బతిమాలుతున్నారట, ఆవిడ భయపడుతోందట. "మీ అమ్మగారి సంగతి ఇప్పుడే వెళ్ళి చెప్తానండీ" అన్నారు. ఆ గొంతులో సంతోషం వింటే ఎలాగో అనిపించింది.

చెప్పనీ. ఒక పెద్దావిడకు ధైర్యం వస్తే మంచిదేగా.

అదే రోజు, ఇంకొంచెం

మా టీములో దినేశ్ వాళ్ళ తాతయ్య పోయారు. గ్రూపులో ఆ కబురు కింద, నా పేరుతో, పడీపడీ నవ్వుతున్న మొహం.

నాయినకు ఫోన్ చేశాను.

"నువ్వే గద బిడ్డా కదపమన్నవ్. కదిపిన. అది నవ్వింది. నేనేం జేసిన?"

మార్చి 5, బుధవారం

వెదురుతో అల్లిన గుండ్రటి పడవలు. "గిది మన పుట్టే గదనే!" అంది అమ్మ. కొబ్బరి మట్టల మధ్య నీళ్ళలో పడవవాడు మమ్మల్ని బొంగరంలా తిప్పాడు. సాయమ్మత్త కళ్ళు మూసుకుని ఎల్లమ్మ తల్లికి ఏటపిల్ల మొక్కింది. అమ్మ మాత్రం వెనక్కి వాలి, నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వు నేను ఇంతకు ముందు చూడలేదు. ఇంట్లో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

"రేపు ఆకాశంల ఎగురుడు ఉన్నదటగా? నా పేరు ముందుగాల రాయమను" అంది ఒడ్డుకు దిగుతూ.

అక్కడే రామబ్రహ్మం గారి ఫోన్.

"అమ్మ ఒప్పుకుందండీ! పదిహేడో తారీఖు, సోమవారం చేర్పిస్తున్నాం. అయితే ఒకటే పేచీ. డాక్టరు ముందు ఒక మోకాలు, తర్వాత ఇంకోటి అన్నారు. ఆవిడకు షుగరుంది కదా. అమ్మ వినట్లేదు. నీలమ్మ గారు రెండో రోజే మెట్లెక్కినప్పుడు నాకు రెండూ ఒకేసారి చేస్తే ఏం, అంటోంది."

డాక్టరు మాట వినమనండి సార్ అన్నాను.

"మీ అమ్మగారు చెప్తే వింటుందండీ. రేపు పొద్దున ఆఫీసుకెళ్తూ అమ్మను తీసుకుని మీ ఇంటికొస్తాం. ఖాజాగూడ మాకెంత దూరం?"

"ఇన్‌ఫెక్షన్ వస్తుందని ఎవర్నీ రానివ్వొద్దన్నారు సార్."

"గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోతామండీ. ఇన్నాళ్ళకు అమ్మ బయటికి వస్తానంది. కాదనకండి."

ఆ మెయిలు రాసేటప్పుడు నెట్‌వర్క్ గురించి ఆలోచించాను, లొకేషన్ గురించి ఆలోచించాను, పచ్చచుక్క గురించి కూడా ఆలోచించాను. మనిషికి బాగాలేదంటే మనవాళ్ళు చూడ్డానికి వస్తారన్న సంగతి మాత్రం తట్టలేదు. సాయంత్రానికే ఇంటికి పంపేస్తారని రాసింది కూడా నేనే. నన్ను నేను మెచ్చుకున్నది ఆ వాక్యానికే.

నాయినకు ఫోన్ చేసి, పొద్దున్నే ఇంటికి తాళం వేసి ఎటైనా పొమ్మన్నాను.

"ముసలామె కాళ్ళు ఈడ్సుకుంట ఇంటి ముంగటికొస్తే తాళం చూపియ్యాల్నా? నాతోని కాదు. గంత పరేషాన్ ఐతే మీ అమ్మను ఫోన్ల పండుకోమను."

మార్చి 6, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున హోటల్ గదిలో పరదాలు వేసేశాం. అమ్మ మంచం మీద పడుకుంది. సముద్రం మీద ఎగరడానికి అమ్మ వంతు అదే సమయానికి. "నేను ఎగురుడు ఇడిసిపెడ్త తియ్. నీ కొలువు ముఖ్యం" అంది. మొహం గోడకు తిప్పుకుని అంది.

సాయమ్మత్త హోటల్ తువ్వాలు మోకాలికి చుట్టింది. మిగతా ఆడవాళ్ళు మంచం చుట్టూ నిలబడి దర్శకత్వం మొదలుపెట్టారు.

"జర మూలుగు వదినె."

"గంత మూలుగకు. మోకాలుకే అయింది, పాణం మీదికి రాలే."

"బొట్టు చెరుపు. ఆపరేషన్ అయినోళ్ళకు గంత నిండుగ ఉంటదా?"

"ఎందుకు చెరుపుడు? నా మొగుడు ఆడ ఇంట్ల కూసున్నడు!"

ఇన్‌ఫెక్షన్ భయానికి లోపలి గదిలోకి ఎవర్నీ పంపట్లేదని, ఫోనులోనే చూడమని వాళ్ళకు చెప్పి నాయిన వీడియో కాల్ చేశాడు. ఫోను నేను పట్టుకున్నాను. మా ఇంటి ముందరి గది కనిపించింది. సోఫా అంచున రామబ్రహ్మం గారు, ఒళ్ళో హార్లిక్స్ సీసా, పళ్ళ సంచీ. పక్కన కుర్చీలో చిన్న మనిషి, నేత చీర. మా గుమ్మం మెట్లెక్కినందుకే ఇంకా రొప్పుతోంది. అదే వసంత గారు.

"నీలమ్మ గారూ, బాగున్నారా అండీ? రెండో రోజే మెట్లెక్కారటగా, నిజమేనా?"

"ఎక్కిన అమ్మా" అంది అమ్మ.

"నొప్పి?"

అమ్మ నా వైపు చూసింది. "కొద్దిగ."

వసంత గారు ముందుకు వంగి ఫోనుకు మరీ దగ్గరగా వచ్చారు. వెనక ఉన్న కొడుక్కి వినబడకూడదని కాబోలు, గొంతు తగ్గించారు.

"నొప్పికి కాదండీ నా భయం. మత్తిచ్చాక మళ్ళీ లేవనేమోనని. మా వారు అట్లాగే లేవలేదు. మీరు లేచారు, నడిచారు, మెట్లెక్కారు. మిమ్మల్ని చూశాక ఇంకెవరు చెప్పినా వినను. రెండూ ఒకేసారి చేయించేసుకుంటాను. అంతే కదండీ? భయం లేదు కదా?"

అమ్మ మళ్ళీ నా వైపు చూసింది.

అమ్మ నా కోసం చెప్పేసేది. నాకు తెలుసు. 'భయం లేదమ్మా' అని ఒక్క మాట. రేపు నా రివ్యూ గట్టెక్కేది.

తువ్వాలు లాగేశాను.

"వసంత గారూ, అమ్మకు ఆపరేషన్ కాలేదండీ. నేను అబద్ధం చెప్పాను. మీరు డాక్టరు చెప్పినట్టే వినండి." అని, పరదా జరిపి ఫోను కిటికీ వైపు తిప్పాను. నీలం సముద్రం. పైన రంగురంగుల గొడుగులకు వేలాడుతూ మనుషులు.

ఖాజాగూడ నుంచి ముందుగా నాయిన గొంతు, "ఛాయ్ సల్లారుతున్నది సార్, తాగుండ్రి."

"ఇది ఏ ఊరండీ?" అన్నారు రామబ్రహ్మం గారు.

"డానాంగ్ సార్. వియత్నాం."

"మరి... మీరు రోజంతా పచ్చగా ఉండేవారే?"

"అది నేనే సార్" అని నాయిన చెయ్యెత్తాడు. చేతిలో మౌస్ ఉంది.

రామబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు. వసంత గారు మాత్రం ఫోను వదల్లేదు.

"అయితే ఆ మెట్లు?"

"మెట్లు నిజంగనే ఎక్కిననమ్మా, గుట్ట మీది గుడికి" అంది అమ్మ, లేచి కూర్చుని. "నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయి. మీ పాణం మీదికి తెచ్చినయి. తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి."

"ఆకాశంలో ఆ మనుషులేమిటి?"

"తాడు కట్టి ఎగరేస్తరంట."

"మీరు ఎగిరారా?"

"లేదు. మీరొస్తున్నరని ఆగిన."

ఆవిడ కొడుకు వైపు తిరిగి, "చూశావురా, మనం ఆపేశాం" అన్నారు. "వెళ్ళండమ్మా, వెళ్ళండి. ఉన్న మోకాళ్ళు వాడుకోండి."

రామబ్రహ్మం గారు లేచి నిలబడ్డారు. ఫోను కట్.

తిరుపతి ఇసకలో గొడుగు పాతి, "మా నీలమ్మక్క వస్తది, ఆగుండ్రి" అని పడవవాళ్ళతో తెలుగులోనే వాదిస్తూ అమ్మ వంతు కాపాడాడు. అమ్మ ఎగిరింది. కొంగు నడుముకు బిగించి, చెప్పులు నాకిచ్చి, అలా లేచిపోయింది. పైనుంచి ఏదో అరిచింది, నా పేరే అనుకుంటాను.

నేను ఎగరలేదు. నడుముకు బెల్టు పెట్టించుకుని, మళ్ళీ తీయించుకున్నాను. అమ్మ ఫొటోలు ఎవరో ఒకరు తీయాలి కదా.

మార్చి 7, శుక్రవారం

రివ్యూ జరిగింది. ఈసారి కెమెరా పెట్టాను. వెనక సముద్రం కనిపించినా పరదా వేయలేదు.

రామబ్రహ్మం గారు అరవలేదు. అరిస్తే బాగుండేది. "సెలవు కోసం ఏదో చెప్తారండీ, అందరూ చెప్తారు. నేనూ ఒకప్పుడు చెప్పాను. కానీ రోజూ కాఫీ తాగుతూ మా అమ్మకు మీ అమ్మగారి కబుర్లు చెప్పానండీ. పొద్దున్నే అదే మా ఇంట్లో శుభవార్త."

సారీ సార్ అన్నాను.

"మీరే రాజీనామా పంపండి. పై వాళ్ళకు నేను ఇంకేమీ రాయను."

పంపాను.

నాయినకు చెప్పాను. "ఐతే ఇగ కదపొద్దా?" అన్నాడు.

మార్చి 8, శనివారం

విమానాశ్రయంలో తిరుపతి మహిళా దినోత్సవం కేకు కోయించాడు. సగం ముక్క తిన్నాను. పెద్దగా బాధగా లేదు.

మార్చి 10, సోమవారం

బాధగా ఉంది.

మార్చి 19, బుధవారం

వసంత గారికి మొన్న సోమవారం ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినట్టు ముందు ఒక మోకాలికే. ఆవిడే అమ్మకు ఫోన్ చేశారు. "మీ అమ్మాయిని కూడా తీసుకురండి" అన్నారట. నేను రానన్నాను. అమ్మ ఆటో పిలిచి, అందులో కూర్చుని, నేను ఎక్కేదాకా దాన్ని కదలనివ్వలేదు.

దవాఖానలో గది బయట రామబ్రహ్మం గారు ఉన్నారు. నేను నమస్తే సార్ అన్నాను. ఆయన తలూపారు. అమ్మ మాత్రం నేరుగా లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే దూరాను.

వసంత గారు నన్ను చూడగానే మొదలుపెట్టారు. "వచ్చావా! రెండో రోజు మెట్లా? ఎక్కడైనా విన్నావా? ఇక్కడ పక్కకు తిరగాలంటే దేవుళ్ళందరూ కనబడుతున్నారు! అబద్ధం చెప్పేటప్పుడు కాస్త నొప్పి కలపాలని తెలియదూ?"

"తప్పయిందండీ."

"ఒకటి చేయించుకున్నాను కాబట్టి బతికాను. రెండూ అయితే నిన్ను తిట్టడానికైనా ఉండేదాన్ని కాదు."

అమ్మ నోటికి అడ్డం పెట్టుకోకుండా నవ్వేసింది.

వ్యాయామం చేయించే అమ్మాయి వాకరు తెచ్చింది. పొద్దుటి నుంచి ఆవిడ మంచం దిగనంటున్నారట. ఆ అమ్మాయి బతిమాలింది, నర్సు బతిమాలింది. కొడుకు తలుపు తీసి బతిమాలబోతే, "నువ్వు అవతలికి పో. నీ మొహం చూస్తే నాకు ఏడుపొస్తుంది" అని పంపేశారు. తర్వాత నా వైపు చెయ్యి చాచారు.

"నువ్వు పట్టుకో. ఈసారి కళ్ళారా చూసి, ఉన్నదున్నట్టు వెళ్ళి మా వాడికి చెప్పు."

పట్టుకున్నాను. ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగాయి. లేచారు. ఏడ్చారు. ఒక్కో అడుగుకూ ఒక్కో తిట్టు, గోదావరి జిల్లా తిట్లు, కొన్ని నేను ఇంతకు ముందు వినలేదు. కిటికీ దాకా వెళ్ళాం. కింద రోడ్డు, ట్యాంకరు, చెరుకురసం బండి. కాసేపు చూశారు. "ఇంక నా వల్ల కాదు, కుర్చీ వెయ్యండి" అన్నారు.

నేను బయటికి వచ్చాను. రామబ్రహ్మం గారు బెంచీ పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

"కిటికీ దాకా వెళ్ళారు సార్. తిరిగి మంచం దాకా రాలేకపోయారు. బాగా ఏడ్చారు. నన్ను తిట్టారు."

"కిటికీ దాకానా?"

"కిటికీ దాకానే సార్."

తలుపు ఆయన పక్కనే ఉంది, సగం తెరిచే ఉంది. ఆయన అటు తిరిగి చూడలేదు. బెంచీ మీది సంచీ కింద పెట్టి, పక్కకు జరిగారు.

"కూర్చోండి" అన్నారు.